పద్దెనిమిది గంటల దూరం

పొద్దున్నే టీ కప్పు పక్కన పెట్టుకుని అత్తగారు మళ్లీ లెక్క మొదలుపెట్టింది. ముప్ఫై ఏళ్లు కాన్పుల వార్డులో నర్సుగా చేసిన మనిషి, ఏ లెక్కయినా నొప్పులతోనే వేస్తుంది.

"ఇక్కణ్ణుంచి అమ్మాయి ఊరికి పదమూడు వేల కిలోమీటర్లట. మధ్యలో విమానం మారాలి, మొత్తం పద్దెనిమిది గంటలు. తొలిచూలంటే ఇంచుమించు అంతే పడుతుంది. నొప్పులు మొదలయ్యాయని ఫోన్ రాగానే బయల్దేరితే సరిపోతుంది."

నిండు నెలల కోడలు మడతపెడుతున్న బట్టలు పక్కన పడేసింది.

"వార్డులో ఎవరికైనా ఇలా చెప్పారా అత్తయ్యా? వదిన అక్కడ ఒక్కతే. అన్నయ్యగారి ఓడ ఇంకా నడిసముద్రంలోనే ఉంది. అమ్మ వస్తుందా అని నిన్న ఫోన్లో ఒకటే ఏడుపు."

"నా కూతురి మీద నాకు లేని బెంగ నీకు పుట్టుకొచ్చిందా?"

"బెంగుంటే మరి కదలరేం?"

"నిన్నొదిలి ఎలా పోనే?" అత్తగారు గయ్‌మంది. "దానికింకా పది రోజులుంది. నీకు నేడో రేపో. తల్లి లేని పిల్లవి. నా కొడుకా, రక్తం చూస్తే కళ్లు తిరిగి పడే రకం. అక్కడా ఇక్కడా ఉండటానికి నేనేమన్నా ఇద్దరినా?"

విమానమంటే భయపడి ఈవిడ సాకులు చెబుతోందనుకుంది కోడలు ఇన్నాళ్లూ. ఆవిడ ఒడిలో తల పెట్టుకోవాలనిపించింది. పొట్ట అడ్డొచ్చి కుదరలేదు. చెయ్యి పట్టుకుని ఊరుకుంది.

"ఆ మాటన్నారు, నాకది చాలు. మన ఆసుపత్రి వీధి చివరే ఉంది. మీతో పనిచేసినవాళ్లంతా అక్కడే ఉన్నారు. వెళ్లండి అత్తయ్యా."

మర్నాడు అత్తగారు బయల్దేరింది. విమానాశ్రయం దాకా దిగబెట్టడానికొచ్చిన కొడుక్కి దారి పొడవునా సణుగుతూ జాగ్రత్తలు చెబుతూనే ఉంది.

విమానం దిగి బయటికొచ్చేసరికి కూతురు ఎదురుగా నిలబడి నవ్వుతోంది, ఏడుస్తోంది. ఫోన్ తల్లి చేతిలో పెట్టింది. తెరమీద ఎర్రగా, ముడతలుముడతలుగా ఓ పసిముఖం.

"మనవరాలమ్మా! తమ్ముడు పడిపోలేదట. గోడ పట్టుకుని నిలబడ్డాట్ట."

అత్తగారు పెట్టె మీదే కూలబడింది. ఫోన్లోంచి కోడలి గొంతు నీరసంగా వినిపించింది.

"అత్తయ్యా, కోప్పడకండి. మీరు ఇంట్లోంచి బయల్దేరేటప్పటికే నొప్పులు మొదలయ్యాయి. చెబితే ఆగిపోతారని చెప్పలేదు."

ఇన్నేళ్లలో ఎందరి ముఖాలు చూసి నొప్పులు పోల్చుకుందో ఆవిడ! గుమ్మంలో నిలబడి నవ్వుతూ సాగనంపిన ఈ పిల్ల ముఖం చూసి మాత్రం ఏమీ తెలుసుకోలేకపోయింది. వచ్చేపోయేవాళ్ల మధ్య కొంగు నోటికడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"అమ్మ దగ్గర దాస్తావుటే, పిచ్చిదానా?" అంది చివరికి.