కానుగాకు బీడీలు

1992 మే 14. ఉదయం ఏడున్నర.

కానుగ చెట్టు కింద, బండరాయి మీద పెంటప్ప వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. పక్కన గొడ్డలి. చుట్టూ అప్పుడే కొట్టిన ఆరు కొమ్మలు.

ఆ చెట్లను కాపాడమని పెట్టిన వాచ్‌మన్ ఇతనే.

సోలాపూర్‌లో అశోక్ చౌక్ దాటాక వచ్చే ఆ దిబ్బ ఒకప్పుడు బోడిది. పొయ్యిల్లో కట్టెల కోసం జనమే చెట్లు కొట్టి దాన్ని ఊడ్చేశారు. ఎనిమిదేళ్ల కింద మగ్గాల వాడ వాళ్లంతా కలిసి మొక్కలు నాటారు. బీడీలు చుట్టే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు మోసి బతికించారు. పేరు మాత్రం వాచ్‌మన్‌ను పెట్టిన చెట్ల కమిటీకి వచ్చింది.

సబ్-ఇన్‌స్పెక్టర్ రాజారాం శవం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఈ ఊరి భవాని పేట్‌లోనే పుట్టినవాడు. తల్లి బీడీలు చుట్టి చదివించింది.

శవానికి మూరెడు దూరంలో కుప్పగా బీడీలు. వాచ్‌మన్‌వే అయుంటాయని కానిస్టేబుల్ తేల్చేశాడు. రాజారాం ఒకటి తీసి చూశాడు. అన్నిటినీ కవర్లో వేసుకున్నాడు. ముప్ఫై ఒకటి.

మధ్యాహ్నం పోస్ట్‌మార్టం రిపోర్ట్ వచ్చింది. ఎత్తు నుంచి పడి నడుం విరిగింది. లోపల రక్తం కారింది. పడ్డాక అరగంటైనా బతికే ఉన్నాడు. వెంటనే ఆస్పత్రికి తెస్తే దక్కేవాడేమో అన్నాడు డాక్టర్.

రంగుల కార్ఖానా ఓనర్ మల్లేశం నిన్న పెంటప్పతో గొడవపడ్డాడు. గట్టిగా అడిగేసరికి కక్కేశాడు. ఏడాదిగా పెంటప్ప దొంగచాటుగా పంపే కట్టెలే అతని బట్టీలో మండుతున్నాయి. నిన్న అవి రాలేదని గొడవ. ఈ ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా మల్లేశం కార్ఖానాలోనే ఉన్నాడు. పనివాళ్లు సాక్ష్యం.

రాజారాం స్టేషన్‌కెళ్లి పాత కేసు కాగితం తీశాడు. పోయిన నెల ఈ దిబ్బ మీద చెట్లు కొడుతోందని సరోజ అనే పిల్ల మీద కేసు రాశారు. ఫిర్యాదు పెంటప్పది. కింద సంతకం తనదే.

సాయంత్రం నాలుగింటికి అందరినీ ఆ చెట్టు కిందికే పిలిపించాడు. కమిటీ ప్రెసిడెంట్ లక్ష్మణ్, మల్లేశం, నీళ్లు మోసే ఆడవాళ్లు.

రాజారాం ఒక బీడీ విప్పాడు.

"దీంట్ల తంబాకు లేదు. ఆకు గూడ తునికిది గాదు, కానుగది. మూతి గోరుతోని మడిసిండ్రు. కట్టింది ఆకుపచ్చ దారం, చీర కొంగులకెంచి గుంజింది."

"అయితే ఏంది సాబ్?" అన్నాడు లక్ష్మణ్.

"చెయ్యి తిరిగిన మనిషి నిమిషానికి రెండు చుడ్తది. ముప్ఫై ఒకటంటే పావుగంట. సచ్చినోని పక్కన ఎవరూ గంతసేపు కూసోరు. సచ్చేదాంక కూసున్నరు."

ఆడవాళ్లంతా తలలు దించుకున్నారు. సరోజ తల్లి చంద్రభాగ ఒక్కతే లేచి నిలబడింది. ఆకుపచ్చ చీర. కొంగు చివర పీచులు లేచి ఉన్నాయి.

"నేనే సాబ్. ఆయన్ని ముట్టలే. ఆరున్నరకు నీళ్లు తెస్తే చెట్టెక్కి కొడ్తుండె. నన్ను జూసి బెదిరి పడ్డడు. పానీ అన్నడు. నిండు బిందె నా పక్కనే ఉండె."

"ఎందుకియ్యలే అక్కా?" అన్నాడు రాజారాం.

సరోజ ఆ రోజు ఏరుకున్నది రాలిన పుల్లలేనని చంద్రభాగ చెప్పింది. ఆ మోపునే నెత్తిన పెట్టించి పెంటప్ప పిల్లను జనమంతా చూస్తుండగా కొంతం చౌక్ దాకా తిప్పాడు. అప్పటి నుంచి సరోజ గడప దాటలేదు. తల్లితో కూడా మాట్లాడలేదు. నీళ్లు ఇద్దామనే చంద్రభాగ అతని పక్కన కూర్చుంది. చేతులు మాత్రం ఆకులు తెంపి చుడుతూ పోయాయి. అవి ఆగేసరికి అతని ప్రాణం పోయింది.

అరెస్టు చేయమని లక్ష్మణ్ తొందరపెట్టాడు. రాజారాం కదలలేదు.

"పదుండ్రి, నేనొస్త," అంది చంద్రభాగ. "ఒక్కటడుగుత సాబ్. సచ్చినోని కోసం ఆకాకు ఏరి జూసినవ్. నా బిడ్డ పేరు రాసిన నాడు ఈ దిబ్బ ఎందుకెక్కలే?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. ముందు నడిచి జీపెక్కింది.