టీచరమ్మ గదిలో ఒక నిమిషం నిశ్శబ్దం

"టీచరమ్మగారూ..."

పిచ్చుకక్క మైకు ముందు కూర్చుని, నిద్రపోతున్నవాళ్ళని లేపాలా వద్దా అన్నట్టు, చాలా మెల్లగా పిలిచింది.

"టీచరమ్మగారూ... మీరేనా?"

చెవులకున్న హెడ్‌ఫోన్లలో ఉత్త నిశ్శబ్దం. కానీ ఆ పిలుపు పూర్తయిన మరుక్షణం — ఎవరో ఊపిరి బిగబట్టారు.

గదిలో అక్క ఒక్కతే ఉంది. తలుపుకి గడియ వేసి ఉంది. టైము రాత్రి ఒంటిగంటా ఇరవై.

ఇదంతా అక్క నాతో చెప్పిందే. అక్కంటే మా పెద్దమ్మ కూతురు. నేను గోరంత వింటే కొండంత ఊహించుకుంటానని మా ఇంట్లో అందరికీ నామీద ఒక మాట ఉంది. ఒప్పుకుంటాను. కానీ ఇందులో నేను ఊహించుకున్నది ఒక్కటే, అదెక్కడో మీకే తెలుస్తుంది.

ముందు ఆ గది సంగతి చెప్పాలి. మూడంతస్తుల ఇంట్లో పై అంతస్తు వెనక వాటా అది. అందులో ఒక టీచరమ్మ ఒంటరిగా ఉండేదట. సాయంత్రాలు పిల్లలకి చదువు చెప్పేది. ఆవిడ ఒక వాక్యం చదివితే పిల్లలందరూ ఆ వాక్యాన్నే వెనకాల చెప్పాలి. ఒకరోజు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కుర్చీలోనే పోయింది. రెండోరోజుకి గానీ ఎవరికీ తెలియలేదు.

అప్పట్నుంచి ఆ వాటాలో ఎవరూ నిలవలేదు. రాత్రిపూట మనం పైకి ఏది చదివినా... వెనకాల ఎవరో చెప్తారని పేరు పడిపోయింది.

ఇంటావిడ ఇవేమీ దాచలేదు. "ముందే చెప్తున్నానమ్మా, రేపు నన్ను అనొద్దు," అందట.

"వీధి చప్పుడు వినిపిస్తుందా అండీ?" అనడిగింది అక్క.

"వీధి చప్పుడు లేదు. మనుషుల చప్పుడు లేదు. ఉంటే గింటే ఆవిడ చప్పుడే."

"అయితే ఈ నెలలోనే దిగిపోతాం."

మరి అక్క పని అలాంటిది. ఆమె గొంతు ఆర్టిస్టు. సినిమాలకి డబ్బింగు చెప్పేది — పక్కింటి పిన్ని, నర్సు, గుంపులో అరిచే ఆడవాళ్ళు, అలాంటి చిన్నాచితకా గొంతులు. బావగారిదీ అదే పని, కాకపోతే ఆయనవన్నీ పెద్ద గొంతులు. డబ్బింగు హాలులో ఆయన్ని సింహం అనేవాళ్ళు, అక్కని పిచ్చుక అనేవాళ్ళు. వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నప్పుడు నాకు పదిహేనేళ్ళు. సింహం పిచ్చుకని చూసి ప్రేమలో పడటం కంటే అందమైన సంగతి లోకంలో ఇంకోటి ఉండదనుకున్నాను.

తర్వాత బావగారి గొంతులో కాయ లేచింది. ఆపరేషన్ చేశారు. మూడు నెలలు పెదవి కదపొద్దు, గుసగుస కూడా కూడదు అన్నాడు డాక్టరు. మూడు నెలలు ఆరయ్యాయి. ఏడాదిన్నర అయింది. ఆయన మాట్లాడలేదు. జేబులో చిన్న నోటుపుస్తకం, పెన్సిలు. అన్నం కావాలన్నా రాసి చూపించడమే.

నెల జీతం కోసం అక్క డబ్బింగు హాలు మానేసి ఒక టెలిఫోన్ల కంపెనీలో చేరింది. రోజుకి తొమ్మిది గంటలు, ముక్కూ మొహం తెలియని వాళ్ళ చేత తిట్లు తినే కుర్చీ. అందులోంచి బయటపడటానికి ఆమెకి కనిపించింది ఒకటే దారి. ఇంట్లోనే గది కట్టుకుని, పుస్తకాలు చదివి రికార్డు చేసి, కంపెనీలకి పంపడం.

మైకు కొనడానికి వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను.

దుకాణం అతను రెండు మైకులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లగా, పొట్టిగా, రోకలి ముక్కలా ఉంది. "ఇది డైనమిక్కు. దీనికి కొంచెం చెవుడమ్మా. మూతి దగ్గర పెట్టుకుని మాట్లాడితేనే వింటుంది. కుక్క అరిచినా, పక్కింట్లో గిన్నె పడినా పట్టించుకోదు. ఇంట్లో రికార్డింగుకి ఇదే హాయి."

రెండోది వెండిరంగులో, పెద్దగా, పట్టుగుడ్డ పరిచిన పెట్టెలో పడుకుని ఉంది. "ఇది కండెన్సరు. పాముచెవులు. పక్కగదిలో మీరు మనసులో తిట్టుకున్నా వినేస్తుంది. స్టూడియోల్లో వాళ్ళకైతే పర్లేదు గానీ..."

"మనకి చెవిటిదే చాలు," అంది అక్క.

బావగారు తల అడ్డంగా ఊపారు. నోటుపుస్తకం తీసి రాశారు. అక్క చదివి, నవ్వి, నాకు చూపించింది.

'నీ గొంతులో సన్నటి పోగులున్నాయి. అవి చెవిటిదానికి అందవు.'

నాకు కళ్ళు చెమర్చాయి. నాకూ ఎవరైనా ఇలాంటి ఒక్క ముక్క రాసిస్తే చాలు, జన్మంతా వాళ్ళ వెనకే నడుస్తాను అనుకున్నాను. దుకాణం అతను మాత్రం, "మీ ఇష్టం సార్, ఎక్కువ వింటే ఎక్కువ తంటా," అని పెట్టె మూశాడు.

గదంతా బావగారే సర్దారు. మూడు గోడలకి బొంతలు వేలాడదీశారు. తలుపుకి పాత పరుపు కట్టారు. మైకుకి స్టాండు, మాట గాలి కొట్టకుండా ముందు ఒక పల్చటి జాలీ, కంప్యూటరుకి కలిపే చిన్న పెట్టె — అన్నీ ఆయన చేతులతోనే బిగించారు. నాలుగో వైపు గోడ లేదు. టీచరమ్మ పడుకోవడానికి చాటుగా కట్టించుకున్న ప్లైవుడ్ అడ్డం ఉంది. దానికి బొంత వద్దన్నారు. 'గుడ్డ ఎక్కువైతే గొంతు చచ్చిపోతుంది' అని రాశారు. ఆ అడ్డానికి అవతల తన మంచం వేసుకున్నారు, అక్క పనికి అడ్డు రాకుండా.

అక్క పగలు టెలిఫోన్లు, రాత్రి రికార్డింగు. ఈ పనికి ఒక పద్ధతి ఉందట. చదవడం మొదలుపెట్టే ముందు ఒక నిమిషం పాటు కదలకుండా, మెదలకుండా ఖాళీ గదిని రికార్డు చేయాలి. ప్రతి గదికీ తనదంటూ ఒక నిశ్శబ్దం ఉంటుందట. తర్వాత మాటల మధ్య కోతలు పడ్డచోట ఆ నిశ్శబ్దాన్నే అతుకు వేస్తారు.

మొదటి కంపెనీ పిల్లల కథలది. అక్క పంపింది. రెండు రోజులకి జవాబొచ్చింది. 'మీ గొంతు బాగుంది. కానీ వెనకాల ఎవరో గుసగుసలాడుతున్నారు. వద్దులెండి.'

అక్క నమ్మలేదు. రికార్డింగు పెట్టి, సౌండు చివరికంటా పెంచి విన్నది.

ఉంది.

తను చదివిన ప్రతి వాక్యం కింద, అర క్షణం వెనకగా, అదే వాక్యం... గొంతు లేదు. ఆడో మగో తెలియదు. ఉత్త గాలి. పెద్దవాళ్ళు చెప్పింది పిల్లలు వెనకాల చెప్పినట్టు.

అక్క దాన్ని బావగారికి వినిపించింది. ఆయన చాలాసేపు విని, 'నాకేమీ వినపడలేదు' అని రాశారు.

రెండో కంపెనీ కూడా అదే మాట అంది. ఇంటావిడని అడిగితే, "నేను చెప్పలేదూ," అని తలుపేసుకుంది.

మూడోది మిగిలింది. నలభై గంటల పెద్ద పుస్తకం. కుదిరితే ఏడాది పాటు పనే పని, టెలిఫోన్ల కుర్చీకి దండం పెట్టేయొచ్చు. పొద్దున్న తొమ్మిదికల్లా నమూనా పంపాలి. ఇదీ పోతే ఇంక అడిగేవాడు లేడు. గుసగుసల గది అని అప్పటికే ఆ నోటా ఈ నోటా పాకింది.

అందుకే ఆ రాత్రి అక్క చదవలేదు. ముందు ఒక నిమిషం నిశ్శబ్దం రికార్డు చేసి, దాన్నే పెద్ద సౌండుతో విన్నది.

నిశ్శబ్దంలో ఊపిరి ఉంది.

తన ఊపిరి కాదు. అక్క ఆ నిమిషమంతా ముక్కు మూసుకుని, మధ్యలో రెండే రెండుసార్లు వదిలింది. ఇది నిదానంగా, బరువుగా... వస్తోంది, పోతోంది. ఎవరో ఆమె మొదలుపెట్టడం కోసం కాచుకుని ఉన్నట్టు.

అప్పుడే అక్క మళ్ళీ రికార్డింగు నొక్కి, టీచరమ్మని పిలిచింది. ఆ ఊపిరి కాస్తా ఆగిపోయింది.

డబ్బింగు హాలులో రికార్డిస్టు బాబాయికి ఫోను చేసింది. ఆయన రాత్రి డ్యూటీ మనిషి. ముప్ఫై ఏళ్ళుగా జనం గొంతులు వినీ వినీ, మనుషుల మీద పెద్దగా నమ్మకం లేని మనిషి.

"బాబాయ్... గదిలో దెయ్యం ఉంది."

"ఏం చేస్తోంది?"

"ఊపిరి పీలుస్తోంది."

బాబాయి టీ చప్పరించిన చప్పుడు. "చచ్చినవాళ్ళకి ఊపిరితో ఏం పనమ్మా? వాళ్ళు వదిలేసిందే దాన్ని గదా."

అక్క హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది.

"మైకు ఏది?" అన్నాడు. అక్క చెప్పింది. "దాని మెడ మీద చిన్న మీట ఉంటుంది చూడు. ఏ గుర్తు మీద ఉంది?"

అక్క ఫోను వెలుగులో చూసింది. "ఎనిమిది అంకెలా ఉంది."

"గుండెకాయ బొమ్మ మీద లేదూ?"

"లేదు."

"కొత్తగా వచ్చినప్పుడు అది గుండెకాయ మీదే ఉంటుంది. అంటే నీ వైపు మాత్రమే వింటుంది, వెనకాల ఏం జరిగినా పట్టదు. ఎనిమిది మీద పెడితే ముందూ వెనకా సమానంగా వింటుంది. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు అలా పెడతాం." కొంచెం ఆగాడు. "అది దానంతటది తిరిగేది కాదు పిచ్చుకా. గోరు పెట్టి తిప్పాలి. మైకు వెనకాల ఏముంది?"

"చెక్క."

"చెక్క వెనకాల?"

అక్క ఫోను పెట్టేసింది.

నేను ఊహించుకున్నది ఇక్కడే. అక్క ఏడ్చి ఉంటుందని, పరుగున వెళ్ళి ఆయన చొక్కా పట్టుకుని ఉంటుందని చాలా రోజులు అనుకున్నాను. అడిగితే, "అబ్బే. మంచినీళ్ళు తాగాను," అంది.

నీళ్ళు తాగి, మీట తిప్పకుండా, రికార్డింగు ఆపకుండా, కుర్చీ తీసుకెళ్ళి మైకు వెనకాల వేసుకుంది. చెక్కకి ఎదురుగా. నోటికీ చెక్కకీ మధ్య జానెడు దూరం.

ఆ నమూనా పొద్దున్న వెళ్ళలేదు. టైము చాలక కాదు. మీట గుండెకాయ మీదికి తిప్పి చదివితే అరగంట పని. ఆ అరగంటలో ఆమెకి గొంతు పెగల్లేదు. నలభై గంటల పుస్తకం ఇంకెవరికో పోయింది. అక్క ఇప్పటికీ ఆ టెలిఫోన్ల కుర్చీలోనే ఉంది.

ఆ రాత్రి రికార్డింగు మాత్రం తుడిచేయలేదు. మొన్న నా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, తను వంటగదిలోకి వెళ్ళిపోయింది.

టీచరమ్మని పిలిచిన పిలుపూ, ఫోను మాటలూ అయ్యాక కుర్చీ ఈడ్చిన చప్పుడు. తర్వాత అక్క గొంతు, చాలా మామూలుగా.

"ఏవండీ."

చెక్క అవతల ఊపిరి ఆగింది.

"మెలకువగానే ఉన్నారు. నాకు వినపడుతోంది."

మంచం కిర్రుమంది. కాగితం తిరగేసిన చప్పుడు.

"రాయకండి. చీకట్లో నేను చదవలేను. చెప్పండి."

చాలాసేపు ఊపిరి ఒక్కటే. నేను లెక్కపెట్టలేదు గానీ, నిమిషం దాటే ఉంటుంది. తర్వాత ఒక గొంతు. నేను చిన్నప్పుడు విన్న సింహం కాదది. తుప్పు పట్టిన తలుపుని ఎవరో కొద్దికొద్దిగా తోస్తున్నట్టుంది.

"మీట... నేనే తిప్పాను."

"గొంతెప్పుడొచ్చింది మీకు?"

"ఆరో నెలలో... ఇదిగో, ఇది. దీన్ని గొంతంటారా ఎవరైనా?"

"నాక్కూడా చెప్పలేదు."

"నీకసలే చెప్పలేను."

అక్క ఊపిరి. ఆయన ఊపిరి. మైకు రెండింటినీ సమానంగానే విన్నది.

"మీట ఎందుకు తిప్పారు?"

"మొదట్లో... నీతో పాటు చదవాలనిపించింది. అంతే. నువ్వు చదువుతుంటే పెదవులు ఆగేవి కావు. గొంతు లేకపోయినా ఎక్కడో ఒక మూల... నేనూ ఉంటాను కదా అని. ఎవరికీ వినపడదనుకున్నాను."

"వినపడింది కదా. వాళ్ళు నన్ను వద్దన్నారు కదా. అప్పుడైనా మానేయొచ్చు కదా."

మంచం మళ్ళీ కిర్రుమంది.

"తర్వాత కూడా ఎందుకు చదివారు?"

"వద్దులే పిచ్చుకా..."

"చెప్పండి."

చెక్క మీద అరచెయ్యి ఆనించిన చప్పుడు. ఆ తర్వాత ఆయన దాచుకోకుండా, గుసగుసగా కాకుండా, ఉన్న ఆ విరిగిన గొంతంతా పెట్టి అన్నారు —

"నిన్ను వద్దన్నారని నువ్వొచ్చి ఏడ్చావు చూడు... ఏడాదిన్నర తర్వాత, ఆ రాత్రే నేను హాయిగా నిద్రపోయాను."