రెక్కకి అవతలి చెయ్యి

కువైట్లో అమ్ఘరా అనే చోట తుక్కు యార్డులన్నీ అయిపోయాక, ఇక ఇసకే అనుకునే చోట ఒక రేకుల షెడ్డు ఉంది. పొద్దుగూకి మగ్రిబు బాంగు వినపడ్డాక దాని పక్కనించి ఎవరూ నడవరు. తుక్కు ఏరుకునేవోళ్ళు కూడా బండి చుట్టు తిప్పుకుని పోతారు.

లోపల ఎవరో కొడతారంట. డబ్... డబ్... అని. బిగించిన డప్పు మీద వేలితో కొట్టినట్టు.

ఆ షెడ్డులో ఉన్నది విమానం. మా బాబాది. నేను జాబ్రియాలో వంట చేసే ఇంటి యజమాని ఆయన, మేమంతా బాబా అనే అంటాం. పెద్ద విమానం అనుకునేరు. ఇద్దరు పట్టే బుల్లిది, ఆయన పుట్టకముందుది. చెక్క పంకా, చెక్క ఎముకలు, పైన గుడ్డ. అవునండి, గుడ్డే. నేనూ నమ్మలేదు. రెక్కలకి గుడ్డ తొడిగి, కుట్టి, ఘాటు వాసనేసే రంగు పూస్తే బిగుసుకుపోద్దంట. ఆ గుడ్డే మనిషిని గాల్లో మోస్తదంట.

డబ్బున్నోళ్ళ సరదాలు. కొందరు డేగల్ని పెంచుతారు, కొందరు ఒంటెల్ని. ఈయనకి ఇది.

దాన్ని సీమ దేశంలో ఎక్కడో కొన్నాడు. అంతకుముందు నడిపిన దొర ఆ సీట్లో కూచునే చచ్చిపోయాడని, విమానంతో పాటే కంటైనర్లో ఇక్కడికొచ్చేశాడని చెప్పుకుంటారు. ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్టు, లేకపోయినా కువైట్లో భయం లేకుండా ఉన్నోడు ఆ దొర ఒక్కడేనని మనోళ్ళుండే ఫర్వానియా రూముల్లో జోకు.

నేను దెయ్యాల్ని నమ్మను. మా ఆయన పోయాక ఒక్కసారన్నా వచ్చి, ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడిగింది లేదు. బతికున్నప్పుడూ అడగలేదనుకోండి.

ఇది నాకు జరిగింది కాదు, రూబీకి జరిగింది. రూబీ చెప్పినట్టే చెప్తున్నా.

అయితే ముందు జాన్ పాల్ సంగతి చెప్పాలి. వాడు నా చెల్లెలి కొడుకు. కాకినాడలో మెకానిక్కు షాపులో పనిచేసేవోడు. బాబాకి విమానం పనికి చేతివాటం ఉన్న కుర్రోడు కావాలంటే నా పూచీ మీద రప్పించాను. వాడికి ఆ విమానమంటే పిచ్చి పట్టింది. బాబాకి వాడంటే పిచ్చి పట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పొద్దున్నించి ఇద్దరూ ఒకే ఇంజన్లో తల పెట్టుకుని ఉండేవోళ్ళు. ఎడారిలో ఒక చోట అది ఎగరడానికి వీలుందని, బాబా వాణ్ణి ముందు సీట్లో కూచోబెట్టుకుని ఒకసారి పైకి తీసుకెళ్ళాడు కూడా. వీడియో పంపాడు. అందులో ఇసక, వాడి నవ్వు, గాలి చప్పుడు... అంతే.

తర్వాత గుడ్డ ఎండకి పీలికలైంది. ఇంజను మొరాయించింది. అన్నీ విప్పేశారు. ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే సామానొకటి ఉంటది, మ్యాగ్నెటో అంటారు. అది చెమ్మ పట్టిందని, ఇంటి వెనకాల ఎండలో పెట్టమని బాబా జాన్ పాల్ చేతికిచ్చి పంపాడు. అలాంటిది ఇప్పుడు ఎక్కడా చెయ్యరంట.

సాయంత్రానికి అది లేదు.

పెట్టానంటాడు వాడు. పెడితే ఏదీ? రోజూ ఎల్లేది అమ్ఘరాకే, దాన్లో ఉండే రాగికి మంచి ధర, వాడికి తుక్కువోళ్ళందరూ తెలుసు. బాబా కోపంగా కూడా అడగలేదు. నన్ను పిలిచి, నీ పిల్లాడు, నువ్వు చెప్పు, అన్నాడు. తీసే ఉంటాడు బాబా, పంపెయ్యండి, అన్నాను. వాడి సూట్‌కేసు నేనే సర్దాను. చెల్లెలికి ఫోన్ చేసి, నీ కొడుకు నా మొహాన మసి పూశాడే అని చెప్పాను. అది ఊరంతా పాకింది. ఇప్పుడు వాడికి కాకినాడలో ఏ షాపువోడూ రెంచి ముట్టుకోనివ్వడు. వాడు ఫోన్ చేస్తే నేను ఎత్తేదాన్ని కాదు.

ఇక రూబీ. రాజోలు వైపు పిల్ల. నాతోపాటే అదే ఇంట్లో పని. తుడవడం, ఇస్త్రీ, కుట్టుపని. శుక్రవారం ప్రార్థనలో మా అందరికంటే గట్టిగా పాడుద్ది. రెక్కలకి కొత్త గుడ్డ కుట్టాలనేసరికి బాబా భార్య, మేం మామా అంటాం, రూబీని షెడ్డుకి పంపింది.

ఆ కుట్టుపని ఎలాగో చెప్తాను, లేకపోతే కథ అర్థం కాదు. రెక్కని గోడలాగా నిలబెడతారు. ఇవతల ఒకరు, అవతల ఒకరు కూచుంటారు. సూది మూరెడుంటది. ఇవతలామె గుచ్చితే రెక్కలోంచి దూరి అవతల తేలుద్ది. అవతలాయన లాగి, ఎముకకి ఆ పక్కనించి మళ్ళీ ఇవతలకి గుచ్చుతాడు. ముడి. మళ్ళీ గుచ్చు. ఒకరి మొహం ఒకరికి కనపడదు. సూది వస్తది, పోద్ది. అంతే.

అవతల కూచునేది మా డ్రైవరు యేసుదాసు. ఇక్కడున్నప్పుడు జాన్ పాల్‌ది, అతనిది ఒకటే రూము. పది మాటలకి ఒక్క ఊఁ అంటాడు, అదీ అప్పిస్తున్నట్టు.

చలికాలం. ఐదింటికే చీకటి. రూబీ బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి కూచుంది. సూది సగం దాకా దూరి ఆగి ఉంది. రూబీ తోసింది...

కాసేపు ఏమీ లేదు.

తర్వాత అవతలనించి మెల్లగా లాగారు. మళ్ళీ వచ్చింది.

అవతల చిన్న బల్బు. గుడ్డ మీద వంగిన నీడ. యేసుదాసే కదా అనుకుంది.

రేకులు చలికి బిగుసుకుంటున్నాయి. ఎక్కడో డబ్... అంది. రంగు పూసిన రెండో రెక్క మూల నించుని ఉంది. అది మళ్ళీ డబ్... అంది. ఏదో ఒకటి మాట్టాడాలి, లేకపోతే లేచి పారిపోవాలి.

మాట్టాడింది. నెలలనించి గొంతులో ఉన్నదే వచ్చింది.

“అన్నయ్యా... జాన్ పాల్ తియ్యలేదు.”

సూది వచ్చింది. రూబీ లాగింది, గుచ్చింది.

“ఆ మ్యాగ్నెటో... నేనే జిబాలాలో పడేశాను.”

సూది ఆగిపోయింది.

ఇక్కడ చెత్తని జిబాలా అనే అంటాం, పనిలో పడ్డ మొదటి వారమే అందరికీ వచ్చే మాట. రూబీ సూది కోసం చెయ్యి చాపి అలాగే ఉంది. అవతల ఊపిరి వినపడుతుంది. పెద్ద ఊపిరి. ముసలి ఊపిరి లాగుంది... భయమేసింది గానీ, నోరు ఆగలేదు.

ఎర్రగుడ్డలో చుట్టి వెనక గుమ్మంలో ఎండకి పెట్టి ఉందంట. విప్పితే నల్లగా, నూనె ఓడుతూ, లోపల రాగి తీగ చుట్టలు చుట్టలుగా. మెకానిక్కులు తుడుచుకునే ఎర్రగుడ్డ అది. రూబీకేం తెలుసు? చేతబడి అనుకుంది. ఎవరు చేయించారనుకుందో కూడా చెప్పింది. నేనంట. అంతకుముందు రోజే ఫ్రీజర్లో చేపల కోసం ఇద్దరం జుట్లు పట్టుకున్నంత పని చేశాంలెండి.

చేత్తో ముట్టుకోకుండా చీపురుతో చేటలోకి తోసి, దీపాల వేళ మా వీధి మొగన ఉన్న జిబాలా డబ్బాలో పడేసింది. అది మూడు దార్లు కలిసే చోటే. వెనక్కి తిరక్కుండా వచ్చి స్నానం చేసింది. మా ఊళ్ళో ఇలాంటివి పారేసే పద్ధతి అదే.

తెల్లారి, పోయింది విమానం సామానని తెలిసింది. అప్పటికి బండి వచ్చి చెత్త ఎత్తుకుపోయింది. ఈ దేశంలో చేతబడి మాటెత్తితే పోలీసులని భయం. ప్రార్థనలో పాడే మనిషివి నువ్వు ఇలాంటివి నమ్ముతావా అంటారని సిగ్గు. వాడి సూట్‌కేసు కారెక్కుతుంటే కిటికీలోంచి చూస్తా నిలబడింది.

“నోరు తెరిస్తే సరిపోయేదన్నయ్యా. తెరవలేకపోయాను.”

ఏడ్చింది. అవతలనించి తిట్టు లేదు. చాలాసేపటికి సూది వచ్చింది... చాలా మెల్లగా.

అప్పుడు వెనక తలుపు కిర్రుమంది. రెక్కకి అవతలిది కాదు — ఇవతల, రూబీ వీపు వెనకాల తలుపు.

“టీ చల్లారిపోయింది. రోడ్డు మీద జామ్,” అన్నాడెవరో.

రూబీ తిరిగింది. ఒక చేతిలో టీ ఫ్లాస్కు, ఒక చేతిలో ఖుబ్బూస్ రొట్టెల పొట్లం పట్టుకుని గుమ్మంలో యేసుదాసు.

ఇందాక రూబీ కుళాయి దగ్గరున్నప్పుడే, టీకి ఎల్తున్నానని చెప్పి ఎల్లాడంట. నీళ్ళ చప్పుడులో రూబీకి వినపడలేదు.

యేసుదాసు ఇక్కడ. మరి అక్కడ...

ఇద్దరూ రెక్క వైపు చూశారు. గుడ్డ మీద నీడ అలాగే వంగి ఉంది. రూబీ ఇందాక లాగకుండా వదిలేసిన సూది కొంచెం కదిలింది. ఇంకాస్త బయటికొచ్చింది.

ఫ్లాస్కు పగిలిన చప్పుడు తప్ప ఇంకేమీ గుర్తులేదంటది రూబీ. కారు దాకా చెప్పుల్లేకుండా పరిగెత్తింది. యేసుదాసు ఆమె కంటే ముందే ఎల్లిపోయాడనుకోండి, ఆ ముక్క అతను చెప్పడు.

రూబీకి జ్వరం. మంచం దిగలేదు. నేనే గంజి పట్టాను. అప్పుడు చెప్పింది నాకు ఇదంతా, గోడ వైపు తిరిగి. కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. కిటికీలోంచి చూసింది అది. సూట్‌కేసు జిప్పు బిగించింది ఎవరు?

పది మాటలకి ఊఁ అనే యేసుదాసు ఫర్వానియా అంతా పదిసార్లు చెప్పాడు. దొర దెయ్యం తన విమానానికి తనే రెక్క కుట్టుకుంటుందన్నారు. దొంగతనం నింద పడ్డవోడి ఉసురన్నారు కొందరు. శుక్రవారం ప్రార్థనలో పాస్టరుగారు దాని మీదే వాక్యం చెప్పారు. జనానికి మంచి కాలక్షేపం.

నేను మటుకు బాబా దగ్గరికెల్లి, మా పిల్లాడు దొంగ కాదని చెప్పాలి. రోజూ అనుకోవడం... రోజూ ఉల్లిపాయలు కొయ్యడం. ఏమని చెప్పాలి? పంపెయ్యమన్నది నేనే కదా. పైగా చెప్తే రూబీ పని పోద్ది.

ఒక మధ్యాన్నం చపాతీ పిండి కలుపుతున్నాను. మామా ఇంట్లో లేదు. బాబా వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆయన వంటింట్లోకి రావడం చూళ్ళేదు. భోజనం తేడా చేసిందేమో అనుకున్నాను.

ఆయన నా వైపు చూడలేదు. గ్యాసు పొయ్యి వైపు చూస్తా, అరబ్బీలో కొంత, హిందీలో కొంత చెప్పాడు.

“ఆ రోజు రెక్కకి అవతల ఉన్నది నేనే.”

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు.

మగాళ్ళంతా కూచుని కబుర్లాడుకునే దివానియాకని బయల్దేరి, మనసొప్పక షెడ్డుకి తిరిగొచ్చాడంట. రెక్కకి అవతల వైపున్న చిన్న తలుపులోంచి వచ్చాడు. యేసుదాసు లేడు. సూది సగంలో ఉంది. వరస మధ్యలో వదిలేస్తే దారం సడలిపోద్ది. ఈ వరస అయ్యాక పలకరిద్దామని కూచున్నాడు. ఈలోపు ఆ పిల్ల ఏడుపు గొంతుతో ఏదో చెప్పడం మొదలెట్టింది. చీకటి, ఆడపిల్ల ఒక్కతే, తనేమో పరాయి మగాడు. ఇప్పుడు దగ్గితే గుండాగి చస్తదేమో అని భయపడ్డాడు. అలా ఊరుకున్నాడు.

“మీ భాష నాకు రాదు. మూడు మాటలే అర్థమయ్యాయి. జాన్ పాల్. మ్యాగ్నెటో. జిబాలా.”

గుమ్మం చెక్కని గోటితో గీకాడు.

“ఆ మూడూ చాలు. ఆ తర్వాత దగ్గుదామన్నా నాకు గొంతు లేదు.”

వాళ్ళిద్దరూ పారిపోయాక కూడా చాలాసేపు అక్కడే నేల మీద కూచున్నాడంట. ఐబ్, అన్నాడు. ఐబ్ అలయ్యి. సిగ్గు, నాదే సిగ్గు అని. ఒక ముసలాయన అలా అంటా నించుంటే నా పిండి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలవలేదు. నాదీ అదే సిగ్గు బాబా అని నేను అనలేకపోయాను.

రూబీకి చెప్పొద్దన్నాడు. దెయ్యమనే అనుకోనీ, మగాడు కూచుని తన ఏడుపంతా విన్నాడంటే ఆ పిల్ల తలెత్తుకోలేదు అన్నాడు. దాన్ని పనిలోంచి తియ్యనని కూడా అన్నాడు. ఆ రెక్క సగం కుట్టు మీదే ఉంది, మిగతాది ఆ కుర్రోడొచ్చాకే అన్నాడు.

“నువ్వు ఫోన్ చెయ్యి. పంపింది నేను, రమ్మని అడగాల్సిందీ నేనే. కానీ నా నంబరు చూస్తే ఎత్తడు.”

నా నంబరు చూస్తే మాత్రం ఎత్తుతాడా? ఎన్నిసార్లు చేశాడో వాడు. ఆ మాట ఈయనకెలా చెప్పను.

పిండి తుడుచుకుని ఫోన్ కలిపాను. స్పీకరు పెట్టాను. మోగుతుంది. బాబా గుమ్మం పట్టుకుని నించున్నాడు. మోగుతుంది... ఎత్తకపోతే బాగుండునని ఒక పక్క. ఎత్తకపోతే ఎలాగని ఒక పక్క.

ఎత్తాడు.

“పెద్దమ్మా,” అన్నాడు. ఇన్నాళ్ళేమైపోయావని అడగలేదు. ఎందుకు చేశావనీ అడగలేదు.

నేను ఫోను బాబా ముందుకి చాపాను. ఆయన అందుకుని, నోటి దాకా తీసుకెళ్ళి, మళ్ళీ నా చేతిలో పెట్టేశాడు.

“పెద్దమ్మా... ఉన్నావా?”

ఉన్నాం నాయనా. ఇద్దరం ఉన్నాం. ఒక్కరికీ నోరు పెగల్లేదు.