తడి ఆరని జాజు

ఉదయ్ కిరణ్ కొడుకు బారసాలకని హర్ష, అక్షయ బండి మీద చాట్రాయి వెళ్ళారు. నూజివీడులో మామిడి వ్యాపారం హర్ష వాళ్ళది. తోటల్లో కాపు బేరం చేయడానికి ఈ వైపు వచ్చినప్పుడల్లా అతని మధ్యాహ్నం భోజనం ఉదయ్ ఇంట్లోనే. కాలేజీ నాటి స్నేహం. ఈసారి భార్యని కూడా వెంటబెట్టుకొచ్చాడు.

బిడ్డని ఉయ్యాల్లో వేశారు, పేరు పెట్టారు, బూరెలతో భోజనాలయ్యాయి. తాంబూలం ఇస్తూ బిడ్డ తల్లి సింధూర, "మీరు డ్రాయింగ్ టీచరు కదక్కా, గీతలకొండ చూశారా? గుహలో పాతకాలం నాటి బొమ్మలున్నాయంట. వేల ఏళ్ళ కిందటివంటారు" అంది.

ఇక అక్షయకి మనసు నిలవలేదు.

"పెద్ద చుట్టేం కాదు," అన్నాడు ఉదయ్. "రోడ్డు దిగి తోటల్లోంచి వెళ్ళాలి. కొండ కింద దాకా బండి పోతుంది. చిన్నప్పుడు నేనూ ఓసారి వెళ్ళాను. లోపలి దాకా వెళ్ళలేదనుకో."

"ఏం?" అన్నాడు హర్ష.

"ఏమోరా. వెళ్ళబుద్ధి కాలేదు."

ఎండ వాలుతుండగా బయల్దేరారు. తోటలన్నీ పూత మీదున్నాయి. ఆ తియ్యటి వగరు వాసన గాలంతా పట్టేసి, తేనెటీగల రొద బండి చప్పుడుకి కూడా అణగడం లేదు. హర్ష చెట్లు చూపిస్తూ, ఏ తోటలో పూత నిలుస్తుందో ఏ తోటలో రాలుతుందో చెబుతూనే ఉన్నాడు. కొంత దూరం పోయాక అతని మాటలు ఆగిపోయాయి. తోటలు అయిపోయాయి. నేల ఎర్రగా మారి, గడ్డి కూడా మొలవని రాతిబీడు మొదలైంది. తేనెటీగల రొద ఎక్కడ ఆగిందో అక్షయ గమనించనేలేదు. తీరా కొండ కింద బండి ఆపేసరికి, చెవుల్లో తన ఊపిరి తనకే వినిపిస్తోంది.

గుహ పెద్ద ఎత్తులో లేదు. నోరు మాత్రం ఇరుకు. తల వంచి లోపలికి దూరారు. లోపల చల్లగా, పొడిగా ఉంది. ఫోను వెలుగులో గోడ మీద మొదట ఓ దుప్పి కనిపించింది. తర్వాత ఎద్దులు, విల్లు పట్టిన మనుషులు. వెలిసిపోయిన ఎరుపు, అక్కడక్కడా గీత తెగిపోయింది. అక్షయ చిన్నపిల్లలా మురిసిపోయింది. ఒక్క గీతలో ఎద్దు మూపురం ఎలా తెచ్చారో హర్షకి వేలితో గాల్లో గీసి చూపించింది.

ఇంకాస్త లోపలికి వెళ్ళాక జంతువులు కనిపించలేదు. మనుషులే ఉన్నారు. వరసగా, గుంపులు గుంపులుగా.

"వేటకి పోతున్నారు," అన్నాడు హర్ష.

"వేటకైతే చేతుల్లో విల్లు ఉండాలి కదండీ. వీళ్ళ చేతులు చూడండి."

అందరి చేతులూ పైకి లేచి ఉన్నాయి. కాళ్ళు పరుగులో ఉన్నాయి. తలలు మాత్రం వెనక్కి తిరిగి ఉన్నాయి. ఏ గుంపుని చూసినా పరుగు ఒకే దిక్కుకి... బయటికి, గుహ నోటి వైపుకి.

ప్రతి గుంపు వెనకా ఓ బొమ్మ విడిగా ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంది. మోకాళ్ళు దాటిన చేతులు. అది పరిగెత్తడం లేదు. ఊరికే నిలబడి ఉంది.

"ఇది అన్నిట్లోనూ ఒకటే," అంది అక్షయ. గొంతు తనకి తెలియకుండానే తగ్గింది.

"ఇక పోదాం. పొద్దుపోతోంది."

"ఒక్క నిమిషమండీ."

లోపలికి పోయేకొద్దీ రంగు చిక్కబడుతోంది. ఎండా వానా తగలని చోటు కదా, వెలవలేదు అనుకుంది. అప్పుడే ఆ వాసన తగిలింది. బాగా తెలిసిన వాసనే. పండగ ముందు ఇంట్లో అరుగులకి, గోడ అంచులకి ఎర్రమట్టి జాజు కలిపి పూస్తారే, ఆ తడిమట్టి వాసన. ఇక్కడ చుక్క నీళ్ళు లేవు.

గోడ చివర ఉన్న బొమ్మ మీద వేలు పెట్టింది. చల్లగా తగిలింది. వేలు వెనక్కి తీసుకుని వెలుగులో చూసుకుంది. ఎర్రగా ఉంది.

తడి ఆరలేదు.

హర్ష ఫోను దగ్గరగా పెట్టాడు. రెండు గుండ్రటి సున్నాలు. వాటి మీద ఇద్దరు మనుషులు, ఒకరి వెనక ఒకరు. వెనకున్న మనిషికి పొడుగాటి జడ, భుజానికి సంచి. అక్షయ చెయ్యి దానంతటదే తన భుజానికున్న సంచి మీదికి పోయింది.

ఆ ఇద్దరి వెనక మూడోది కూర్చుని ఉంది. దాని చేతులు ఇద్దర్నీ చుట్టి ముందుకు వచ్చాయి.

"ఎవరో కుర్రాళ్ళు గీసుంటారు," గుసగుసగా అన్నాడు హర్ష. ఎందుకు గుసగుసలాడుతున్నాడో అతనికే తెలియదు.

లోపల, వెలుగు అందని చోట, చప్పుడు. రాయి మీద రాయి పెట్టి నూరుతున్నట్టు... మెల్లగా, తీరుబడిగా... గరగర... గరగర...

హర్ష ఫోను అటు తిప్పాడు.

చప్పుడు ఆగిపోయింది.

ఇద్దరూ పరిగెత్తారు. మోకాలికి రాయి కొట్టుకుంది, తల పైకప్పుకి తగిలింది, ఏదీ తెలియలేదు. బయటి వెలుతురు కళ్ళబడ్డాక అక్షయకి అర్థమైంది, తను చేతులు పైకెత్తి, తల వెనక్కి తిప్పి పరిగెడుతోందని.

కిందికి వచ్చేసరికి పొద్దు గుంకింది. బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది. బాటంతా గులకరాళ్ళు. అక్షయ రెండు చేతులతో సంచిని గుండెకి హత్తుకుని కూర్చుంది.

"వెనక టైర్లో గాలి తగ్గినట్టుంది," అన్నాడు హర్ష. "బండి లాగట్లేదు."

అక్షయ వీపంతా చల్లగా ఉంది. గాలి ఎదురుగా కొడుతుంటే వీపు ఎందుకు చల్లబడుతోంది...

మామిడి తోటలు మొదలయ్యాయి. పూత వాసన రాలేదు. తడిమట్టి వాసన వస్తోంది. చెవి పక్కనుంచి.

"అక్షయా, కాస్త వదులుగా పట్టుకో. ఊపిరాడట్లేదు."

ఆమె చేతులు సంచి మీదే ఉన్నాయి. రెండూ.

కిందికి చూడలేదు. చూస్తే తన నడుముకి రెండు వైపులా ఏం కనిపిస్తుందో... చూడలేదు. అరుద్దామనుకుంది. అరిస్తే అతను హ్యాండిల్ వదిలేస్తాడు. ఈ రాళ్ళలో పడితే లేవలేరు. పడినచోట, ఈ చీకట్లో, వెనకున్నదానితో...

పళ్ళు బిగించి, మామూలుగా వినిపించేలా, "సరే" అంది.

ఒక్క క్షణం గడిచింది.

"ఆఁ, ఇప్పుడు హాయిగా ఉంది," అన్నాడు హర్ష.

అక్షయ కళ్ళు గట్టిగా మూసుకుంది. పెట్రోలు బంకు లైట్లు రెప్పల మీద పడేదాకా తెరవలేదు. బండి ఆగీ ఆగకముందే కిందికి దూకింది. హర్ష విసుక్కోబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమె చెప్పింది. నమ్మనన్నట్టు నవ్వబోయి, చొక్కా ఎత్తి చూసుకున్నాడు. పొట్ట చుట్టూ పట్టీ వేసి బిగించినట్టు కమిలిపోయి ఉంది.

ఆ తర్వాత ఆ బండి ఎక్కుదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు. నూజివీడు బస్సు దూరంగా హారన్ కొడుతూ వస్తోంది. హర్ష తాళం బంకు వాళ్ళకిచ్చి ఉదయ్‌కి ఫోను చేశాడు.

"టైరు పంక్చరైందిరా. బండి బంకులో పెట్టాను. రేపు పొద్దున తీసుకెళ్ళి మీ ఇంట్లో ఉంచు, వీలు చూసుకుని వస్తాను."

అక్షయ అతని మోచెయ్యి పట్టుకుంది. "ఉన్న సంగతి చెప్పండి."

అతను ఫోను చేత్తో మూశాడు. "ఏం చెప్పమంటావు? నవ్విపోతాడు."

ఆమె ఇంకోసారి అనలేదు. బస్సు ఆగింది. ముందు ఎక్కి కూర్చోవాలి, తలుపు పడాలి, ఇక్కణ్ణించి కదలాలి. ఆ క్షణాన ఆమెకి కావలసింది అంతే. బస్సు కదులుతుండగా కిటికీలోంచి ఓసారి చూసింది. లైటు కింద స్టాండు వేసి ఉంది బండి. మీద ఎవరూ లేరు. వెనక టైరు మాత్రం ఇంకా నేలకి అణిగే ఉంది.

రాత్రంతా ఆమెకి కునుకు పట్టలేదు. పక్కన హర్ష మెలకువగానే ఉన్నాడని తెలుసు. తెల్లవారాక అతన్ని అడక్కుండానే సింధూరకి ఫోను చేసింది.

"బండి తెచ్చేశారక్కా," అంది సింధూర హుషారుగా. "పంక్చరేం లేదంట. పాలు పోసొస్తానని పాలకేంద్రానికి వెళ్ళారు ఈయన. మీ పెద్దావిడ ఇక్కడే ఉంది."

"ఎవరు?"

"అదే, మీ చుట్టమే అనుకున్నారు ఈయన. బంకులో మీ బండి పక్కనే కూర్చుని ఉంటే ఎక్కించుకొచ్చారు. మాటా పలుకూ లేదు గానీ, బాబుని ఎంత ముద్దు చేస్తోందో. స్నానం చేసొస్తానని ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టి ఇటొచ్చాను."

అక్షయ మంచం దిగి నిలబడింది. హర్ష లేచి కూర్చున్నాడు.

"సింధూరా... వెళ్ళి బాబుని తీసుకో. ఇప్పుడే. ఫోను పెట్టెయ్యకు."

"ఏంటక్కా, ఏమైంది?"

"ముందు తీసుకో. చెబుతాను."

గబగబా అడుగులు. తలుపు కిర్రుమంది. "ఏదీ ఈవిడ... ఇప్పుడే ఇక్కడ..." మళ్ళీ అడుగులు. తర్వాత, "ఉన్నాడక్కా, ఉన్నాడు. చాప మీద పడుకోబెట్టి వెళ్ళిపోయినట్టుంది. ఎత్తుకున్నాను."

అక్షయ గోడకి జారగిలబడింది. హర్ష ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా," అంది సింధూర. ఈసారి గొంతులో హుషారు లేదు. "వీడి గుప్పిట్లో ఏదో ఎర్రమట్టి ఉంది. తడిగా. గుప్పిట విప్పనివ్వట్లేదు."

"బయటికి రా. బాబుని తీసుకుని వీధిలోకి వచ్చెయ్, అందరూ ఉన్నచోటికి."

"వస్తున్నా గానీ..." ఆమె ఆగింది. ఊపిరి దగ్గరగా వినిపించింది. "వీడు నావైపు చూడట్లేదక్కా. నా భుజం మీదుగా వెనక్కి చూసి నవ్వుతున్నాడు... వీడు నవ్వడం ఇదే మొదలు."