ఆఖరి దిమ్మ

అరబ్బు దేశంలోని రైసూత్ రేవులో ఆ పాత ఓడ కిందికి చీకటి పడ్డాక ఎవరూ పోరు. పగలు పోవాలన్నా పక్కన నలుగురుండాలి.

అది ఒకప్పటి యుద్ధనౌకట. పంతొమ్మిది వందల పదకొండులో దొరలు బ్యాండు వాయించి, సీసా పగలగొట్టి దాన్ని నీళ్లలోకి దింపుతుంటే, ఓడ జారకుండా ఆపే ఆఖరి అడ్డుదిమ్మను కొట్టి తప్పించిన కూలీ కిందే నలిగిపోయాడట. దొరలకు కేక వినపడలేదు — బ్యాండు చప్పుడు మరి! ఇప్పుడది రేవులోని కంపెనీ సామాను మోసుకునే పడవ. ఏడాదికోసారి ఒడ్డుకు లాగి, అడుగు గీకి, రంగేసి మళ్లీ దింపుతారు. ఎవడో ఒకడు ఆ దిమ్మ కొట్టాలి.

డెబ్బై ఆరులో ఆ పని, పొట్టకూటికి మన దేశం నుంచి వెళ్లిన కూలీ గంగన్న మీద పడింది. పెళ్లాం ముత్తవ్వ కడుపులో గడ్డతో మంచం పట్టిందని టెలిగ్రాం వచ్చి పదిరోజులు. పాస్‌పోర్టేమో కంపెనీ బీరువాలో!

"దిమ్మ కొట్టు. తెల్లారి పాస్‌పోర్ట్ నీ చేతిలో పెడతా," అన్నాడు ఫోర్‌మన్.

"పోకురా గంగన్నా..." రూమ్‌లో పక్క మంచం బాబు మియా గొణిగాడు.

"మరి ముత్తవ్వను ఎట్ల జూసుడు భాయ్?"

సముద్రం పోటెక్కేది అర్ధరాత్రికే; ఓడను దింపాల్సిందీ అప్పుడే. గంగన్న సమ్మెట పట్టుకొని ఓడ కిందికి పాకాడు. దిమ్మ పక్కనే ఒక గుంట — దిమ్మ కొట్టగానే అందులో బోర్లా పడుకుంటే, ఓడ పైనుంచి జారిపోతుంది. లోతెంతో చూద్దామని చెయ్యి పెట్టాడు...

మనిషి భుజం తగిలింది. చల్లగా... తడిగా...

"ఎవరూ?"

"నేనే... లచ్చన్నను."

గంగన్న చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పోయినేడు దిమ్మ కొట్టి, పాస్‌పోర్ట్ తీసుకొని ఇంటికెళ్లాడని కంపెనీ చెప్పిన లచ్చన్న!

"నాక్కూడ గిట్లనే జెప్పిండ్రు... గుంత లోతు సాలదు. కొట్టకే..."

బయటినుంచి కొట్టమని ఫోర్‌మన్ కేక — "మారో!"

వెనక్కి పాకితే ప్రాణం దక్కుతుంది. ఇంటిదారి మాత్రం మూసుకుపోతుంది. ఏం చేస్తాడు పాపం... ఏడుస్తూనే సమ్మెట ఎత్తాడు.

పొద్దున క్యాంపులో ఫోర్‌మన్ అందరికీ చెప్పాడు, గంగన్న ఇంటికెళ్లిపోయాడని. బాబు మియా తల దించుకొని డ్యూటీకి పోయాడు.

ఓడ కింద జరిగింది నాకెలా తెలుసంటారా? గంగన్న ఊరివాడే, భూమయ్య చెప్పాడు. మరుసటేడు సమ్మెట అతని చేతికొచ్చింది. ఆ చీకట్లో ఇదంతా అతనికి చెప్పింది... గంగన్నే. చెప్పి, ఒక్క మాట అడిగాడట.

"ముత్తవ్వ... మంచిగున్నదా?"

భూమయ్య సమ్మెట వదిలేసి పాక్కుంటూ బయటపడ్డాడు. ఆమె పోయి అప్పటికే పది నెలలు.