మాస్కులో మధ్య పొర

భోజనాల గంట కొట్టారు. పిల్లలందరూ డబ్బాలు తెరుస్తుంటే ఒక అమ్మాయి మాత్రం తన మాస్కును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తోంది.

ఆ అమ్మాయిని ఇంటా బయటా అందరూ డిటెక్టివ్ అనే పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. నాన్న గడియారం చూసి టైం చెబితే, పక్కింటి గడియారం కూడా చూసొచ్చాకే నమ్ముతుంది మరి.

"ఏం చూస్తున్నావే?" అంది పక్కన కూర్చునే స్నేహితురాలు. ఎక్కడికి వెళ్లినా పరిగెత్తే వెళ్తుంది కాబట్టి ఆ పిల్ల పేరు రైలు.

"ఇందులో మూడు పొరలున్నాయి. పైది కనిపిస్తోంది, లోపలిది కనిపిస్తోంది. మధ్యలోది ఎందుకు దాచారు?"

"కుట్టింది మీ అమ్మేగా. అడుగు."

"అమ్మకు స్కూలు వాళ్లు చెప్పారు. స్కూలు వాళ్లకు ఎవరో చెప్పారు. ఆ ఎవరో ఎవరు?"

రైలుకు ఆకలి దంచేస్తోంది. డబ్బా మూత తీసింది.

డిటెక్టివ్ వాళ్లమ్మ టైలర్. కొత్త జబ్బు వల్ల మూతపడిన స్కూలు మళ్లీ తెరిచినప్పుడు, క్లాసు మొత్తానికి మాస్కులు కుట్టింది ఆవిడే. ఆవిడ వేసిన కుట్టు ఊడదని వీధిలో పేరు.

అనుమానానికి ఆజ్యం పోసింది మాత్రం బాబాయి. ఆయన బస్సు డ్రైవరు. ఆయన మాస్కు ఎప్పుడూ గడ్డం కిందే ఉంటుంది.

"అంతా డ్రామా. మొదట్లో అక్కర్లేదన్నారు, ఇప్పుడేమో తప్పనిసరి అంటున్నారు. ఏ మాట నమ్మాలి?" అన్నాడు ఆ పొద్దున టిఫిన్ తింటూ.

మాట మార్చిన సంగతి నిజమే. మాట మార్చిన వాళ్లను డిటెక్టివ్ అంత తేలిగ్గా వదలదు.

సాయంత్రం అమ్మ మిషన్ మీద ఉన్నప్పుడు, డిటెక్టివ్ షాపు వెనక గదిలో కూర్చుని మాస్కు ఒక అంచు విప్పింది. మధ్య పొర బయటికి లాగింది. దళసరి తెల్లగుడ్డ, అంతే. వాసన చూసింది. తిప్పి చూసింది. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం మరీ అనుమానంగా అనిపించింది. దాన్ని జేబులో పెట్టుకుని, అంచు మళ్లీ కుట్టేసింది. టైలర్ కూతురు కదా, కుట్టు చక్కగా కుదిరింది.

పెట్టుకుని చూసింది. హాయిగా ఊపిరాడింది. పైకి మాత్రం మాస్కు మాస్కులాగే ఉంది.

మూడు రోజులు గడిచాయి. ఏమీ కాలేదు.

"చూశావా, ఆ గుడ్డ ఉత్తదే!" అంది రైలుతో.

"నాది కూడా తీసెయ్యవే. పరిగెడితే ఆయాసం వస్తోంది."

రైలు చెవిన పడిన మాట ఇంకో ముగ్గురి చెవిన పడకుండా ఉంటుందా? వారం తిరిగేసరికి డిటెక్టివ్ తనదీ కలిపి ఐదు మాస్కులు విప్పింది. తెల్లదారం అయిపోవడంతో రైలు మాస్కును నీలం దారంతో కుట్టింది. ఎవరికీ చెప్పకూడదని అందరూ ఒట్టు వేసుకున్నారు.

శుక్రవారం టీచర్ ఒక పాత ఫొటో తెచ్చారు.

"నూరేళ్ల కిందట ఇలాగే పెద్ద ఫ్లూ వచ్చింది. అప్పుడూ మాస్కులు పెట్టుకోమన్నారు. కొందరు సంఘం పెట్టి మరీ వద్దని గొడవ చేశారు. చుట్ట కాల్చుకోవడానికి మాస్కుకు చిల్లి పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు!"

క్లాసంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది డిటెక్టివే. రైలు మోచేత్తో పొడిచాక ఆ నవ్వు ఆగిపోయింది.

టీచర్ ఈ ఫొటో ఇవాళే ఎందుకు తెచ్చారు? తెలిసిపోయిందా? ఎవరు చెప్పుంటారు? ఆ రోజంతా డిటెక్టివ్ ఒక్కొక్కరి మొహం కేసి చూస్తూనే ఉంది. అందరూ తననే చూస్తున్నట్టుంది.

శనివారం మధ్యాహ్నం రైలు వాళ్ల అమ్మమ్మ షాపుకు వచ్చింది. ఆవిడకు ఏదో పెద్ద జబ్బు. వారం వారం ఆసుపత్రిలో మందు ఎక్కిస్తున్నారు.

"ఇప్పుడు జలుబు చేసినా ప్రాణం మీదికొస్తుందన్నాడమ్మా డాక్టరు. బస్సులో వెళ్లాలంటే భయం. అందుకే మా మనవరాలి స్కూలు మాస్కు ఉతికి పెట్టుకొచ్చాను. నీ చేతి కుట్టంటే నాకు ధైర్యం," అంది.

అమ్మ మొహం వెలిగిపోయింది.

డిటెక్టివ్ ఆ మాస్కు అంచు చూసింది. నీలం దారం. బస్సు హారన్ వినిపించింది. అమ్మమ్మ గుమ్మం దాటుతోంది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఎప్పటికీ తెలియదు.

"అమ్మమ్మా, ఆగు! ఆ మాస్కు వద్దు! మధ్య పొర లేదు. నేనే తీసేశాను."

షాపులో మిషన్ ఆగిపోయింది. అమ్మ లేచి కొత్త మాస్కు తీసి అమ్మమ్మకు ఇచ్చింది.

అమ్మమ్మ దాన్ని అందుకుంది కానీ పెట్టుకోలేదు. అటూ ఇటూ తిప్పింది. వేళ్లతో నొక్కి చూసింది.

"దీంట్లో ఉందా అమ్మా?" అని అడిగింది.

అమ్మ కత్తెర తీసి మాస్కు అంచు కొంచెం విప్పి చూపించింది. మళ్లీ కుట్టి ఇచ్చింది. అమ్మ కుట్టును ఎవరైనా అనుమానించడం డిటెక్టివ్ చూడటం అదే మొదటిసారి. అమ్మ తిట్టినా బాగుండేదనిపించింది. గోడ వైపు తిరిగి ఏడ్చేసింది.

సాయంత్రం సంగతంతా విన్న బాబాయి, "ఒక్క గుడ్డముక్కకు ఇంత రాద్ధాంతమా?" అన్నాడు.

"వాళ్లు మాట మార్చారని నీకు కోపం వచ్చింది కదా బాబాయ్. వాళ్లు చెప్పి మార్చారు. నేను చెప్పకుండా మార్చాను."



సోమవారం డిటెక్టివ్ సూది, దారం, ఐదు తెల్లగుడ్డలు పట్టుకుని క్లాసుకు వెళ్లింది. టీచర్ ఎదుటే నిలబడి, జరిగింది తనే అందరికీ చెప్పింది. తర్వాత ఒక్కో మాస్కూ విప్పి, గుడ్డ లోపల పెట్టి, దాని యజమానికి చూపించి మరీ కుట్టింది.

అప్పుడు మొదటి బెంచీలో కూర్చునే అబ్బాయి లేచాడు. వాడి మాస్కును ఆమె అసలు ముట్టుకోనే లేదు.

"నాది తియ్యలేదని ఏంటి నమ్మకం?" అన్నాడు.

మామూలుగా అయితే డిటెక్టివ్ వాడితో పోట్లాడేది. ఇవాళ చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వు. విప్పి చూపిస్తాను."

వాడి వెనక ఇంకో పదిమంది వరసలో నిలబడ్డారు. డిటెక్టివ్ సూదిలో కొత్త దారం ఎక్కించుకుంది.