ఒక్క తెల్ల దారం

పిల్లలూ, మేఘకూట రాజ్యంలో ఆ ఏడు ఏడుపే మిగిలింది. జడాసురుడనే రాకాసి ఏటా ఒకరి ఒంట్లోని దారాలు లాగేసుకుని పోయేవాడు. ఈసారి వాడి కన్ను కొయ్యబొమ్మలాడించే ఓబులమ్మ మీద పడింది. పాపం, ఆమె తన బొమ్మల పక్కనే మరో కొయ్యబొమ్మలా పడిపోయింది. కూతురు సింగారి అమ్మ గుండెకు చెవి ఆనించి విని, కన్నీళ్లు తుడుచుకుని అడవి దారి పట్టింది.

అడవిలో ఒక ముని కనిపించాడు.

"స్వామీ, కదలలేని మా అమ్మకు గుండె ఎట్లా కొట్టుకుంటోంది?" అని అడిగింది.

"దానికి వేరే దారాలున్నాయి తల్లీ. అవి ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురుచూడవు. తలలోని ఏలికనూ, వెన్నులోని రాజమార్గాన్నీ కూడా రాకాసి ముట్టలేడు. అక్కడి నుంచి ఒళ్లంతా పాకే దారాలనే దొంగిలించాడు. వెన్నుకు తాకిస్తే అవి మళ్లీ లోపలికి పాకుతాయి. ఎర్రవి ఆజ్ఞలు మోస్తాయి. ఇక తెల్లవి..."

"దారాల సంగతి నాకు చెప్పాలా స్వామీ! పుట్టినప్పటి నుంచీ అవే పట్టుకున్నాను" అంటూ సింగారి పరుగెత్తింది. ఆ తొందరే దాని కొంప ముంచింది.

రాకాసి గుహలో సింగారి తన బొమ్మను ఆడించింది. వాడు మురిసిపోయి, "ఏం కావాలో కోరుకో పిల్లా! కాదనను" అన్నాడు.

"మా అమ్మ దారాలు ఇచ్చెయ్. ఇంకెవరి జోలికీ రానని మాటివ్వు."

మాట తప్పలేక వాడు ఎర్ర చుట్ట, తెల్ల చుట్ట రెండూ ఇచ్చాడు. తిరుగుదారిలో ఏరు పొంగింది. బొమ్మను ఆడించే దారాలే తప్ప, బొమ్మ దగ్గరి నుంచి కబురు తెచ్చే దారాలు సింగారి ఎన్నడూ ఎరగదు. తెల్లవి ఎందుకూ పనికిరావనుకుని, వాటితో తాడు పేని ఏరు దాటింది. తాడు వరదలో కొట్టుకుపోయింది. జడకు చుట్టుకున్న ఒక్క పోగు మాత్రం మిగిలింది.

సింగారి ఇల్లు చేరి ఎర్ర దారాలు వెన్నుకు తాకించగానే ఓబులమ్మ లేచి కూర్చుంది. రాకాసి పీడ వదిలిందని రాజ్యమంతా పండగ చేసుకుంది. సింగారిని ఊరేగించడానికి రాజుగారు పల్లకీ కూడా పంపారు. ఓబులమ్మ కూతురికి రొట్టె కాల్చబోయి, నిప్పుల మీద కాలు వేసి అట్లాగే నిలబడింది.

"అమ్మా, కాలు!"

ఓబులమ్మ కిందికి చూసింది. "కాలుతోందని నాకు తెలీనే లేదే!"

సింగారి ఆమెను పక్కకు లాగి వాటేసుకుంది.

"నువ్వు పట్టుకున్నదీ తెలీడం లేదు తల్లీ" అంది ఓబులమ్మ.

తెల్లవి ఏం మోస్తాయో సింగారికి అప్పుడు అర్థమైంది. గుండె పగిలేలా ఏడ్చింది. పది రోజులు ఏటి వెంట వెతికినా ఒక్క పోగూ దొరకలేదు. చివరకు జడలోని పోగు విప్పి అమ్మ వెన్నుకు తాకించింది. అది పాకి పాకి కుడిచేతి చిటికెన వేలి దాకా వెళ్లి ఆగిపోయింది.

ఓబులమ్మ ఆ వేలితో కూతురి చెంప తడిమింది. "వెచ్చగా ఉందే! తడిగా ఉందే! ఇంక ఏడవకమ్మా."

ఆ తర్వాత మేఘకూటంలో ఎవరూ కొయ్యబారిపోలేదు. సింగారి మాత్రం నడిచినా, పడుకున్నా అమ్మ చిటికెన వేలే పట్టుకునేది.